హెబ్రీ బైబిలులో దేవుని పేర్లు: ఆయన స్వభావాన్ని వాటిలోంచి చదవడం ఎలా?

దేవుని హెబ్రీ పేర్ల పట్టికలు ఇప్పుడు ఎక్కడ చూసినా దొరుకుతున్నాయి. ఎడమ పక్క పేరు, కుడి పక్క అర్థం. ఎల్ షద్దాయ్ అంటే సర్వశక్తిమంతుడు, యెహోవా యీరే అంటే సమకూర్చేవాడు, యెహోవా షాలోమ్ అంటే సమాధానం. పట్టిక మొత్తం కంఠతా వచ్చాక కూడా చాలామందికి ఒక వెలితి ఉండిపోతుంది. పేర్లు తెలిశాయి గానీ ఆయన తెలిసినట్టు అనిపించదు. బైబిలులో ఈ పేర్లు అలా వరుసగా పేర్చి రాలేదు. ఒక దాసి ఎడారి దారిలో పారిపోతున్నప్పుడు ఒకటి వచ్చింది. ఒక తండ్రి కొడుకు మీద ఎత్తిన కత్తి దించాక ఇంకొకటి వచ్చింది. శత్రువుల భయంతో గానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్న మనిషికి మరొకటి తెలిసింది. ఆ సందర్భాన్ని తీసేస్తే పేరు వట్టి విశేషణంగా మిగిలిపోతుంది.

‘నీ నామమెరిగినవారు నిన్ను నమ్ముకొందురు’ అంటుంది 9వ కీర్తన. పేరు తెలియడానికీ నమ్మకం కుదరడానికీ అక్కడ ముడి పడింది. ఒక మనిషి పేరు చెప్పగానే ‘ఆయన మాట తప్పడు’ అనో ‘ఆయన కష్టంలో వదిలెయ్యడు’ అనో మనకు తోస్తుందంటే, ఆయన చేసిన పనులు మనకు తెలుసన్నమాట. దేవుని పేర్లను కూడా ఆయన చేసిన పనుల పక్కనే పెట్టి చదవాలి. కింద చెప్పిన పద్ధతి అందుకోసమే. తొందర వద్దు. ఒక్కో మెట్టుకి ఒక వారమైనా ఇవ్వండి.

మొదటి మెట్టు: తెలుగు మాట వెనక ఏ హెబ్రీ పేరుందో గుర్తుపట్టండి

ఇందుకు హెబ్రీ భాష నేర్చుకోనక్కర్లేదు. మన పాత తెలుగు బైబిలు ఈ విషయంలో పాఠకుడికి పెద్ద మేలు చేసింది. చాలా ఇంగ్లీషు బైబిళ్ళు దేవుని సొంత పేరు వచ్చిన చోట ‘ప్రభువు’ అనే అర్థమిచ్చే మాట పెట్టి, అది వేరని తెలియడానికి పెద్దక్షరాల్లో అచ్చువేస్తాయి. మన బైబిలులో ఆ చిక్కు లేదు, ఆ పేరున్న చోట ‘యెహోవా’ అనే కనిపిస్తుంది. ‘దేవుడు’ అని ఉంటే వెనక ఎక్కువగా ఎలోహీం ఉంటుంది, కొన్నిచోట్ల ఎల్ అనే పొట్టి మాట ఉంటుంది. ‘ప్రభువగు యెహోవా’ అంటే అదోనాయ్ అనే బిరుదు, దాని పక్కన సొంత పేరు. యెహెజ్కేలు గ్రంథం నిండా ఇదే. ‘సర్వశక్తుడు’ అంటే షద్దాయ్. ‘మహోన్నతుడు’, ‘సర్వోన్నతుడు’ అంటే ఎల్యోన్. ‘సైన్యములకధిపతియగు యెహోవా’ అంటే యెహోవా సెబాఓత్.

అనుమానం వస్తే స్ట్రాంగ్స్ నంబర్లు చూడండి. 1890లో జేమ్స్ స్ట్రాంగ్ అచ్చువేయించిన పదసూచికలో ప్రతి హెబ్రీ మాటకీ ఒక నంబరు ఉంది. 3068 యెహోవా, 430 ఎలోహీం, 410 ఎల్, 136 అదోనాయ్, 7706 షద్దాయ్, 5945 ఎల్యోన్, 3050 యాహ్ (యెహోవా పేరుకు పొట్టి రూపం). బ్లూ లెటర్ బైబిల్, స్టెప్ బైబిల్ లాంటి ఉచిత సైట్లలో వచనం మీద నొక్కితే ఈ నంబర్లు వస్తాయి.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేరుకో పేజీ. పేజీలో వచనం, ఆ పేరు పలికింది ఎవరు, ఎవరితో పలికారు, ఆ రోజు పరిస్థితి ఏమిటి, తర్వాత ఏం జరిగింది అని రాసుకోండి. ‘అర్థం’ అనే గడి అన్నిటికన్నా కింద పెట్టి, ప్రస్తుతానికి ఖాళీగా వదిలేయండి. పై గడులు నిండకముందే దాన్ని నింపేస్తే చదువు అక్కడితో ఆగిపోతుంది.

రెండో మెట్టు: పేరు ఎక్కడ మారిందో చూడండి

రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకుని ఆదికాండము మొదటి మూడు అధ్యాయాలు చదవండి. ‘దేవుడు’ కింద ఒక రంగు, ‘యెహోవా’ కింద ఇంకో రంగు గీయండి. మొదటి వచనం నుంచి 2:3 వరకు ఎలోహీం ఒక్కటే వస్తుంది, మొత్తం 35 సార్లు. ఆయన పలుకుతాడు, అవుతుంది. వేరుచేస్తాడు, పేరు పెడతాడు, మంచిదని చూస్తాడు. ఎలోహీం రూపానికి బహువచనమే అయినా నిజదేవుణ్ణి గురించి చెప్పినప్పుడు క్రియ ఏకవచనంలో ఉంటుంది. ఇదే మాటను హెబ్రీలో అన్యుల దేవతలకూ వాడతారు. అంటే అది ఎవరి సొంత పేరూ కాదు.

2:4 దగ్గర రెండో రంగు మొదలవుతుంది. ‘దేవుడైన యెహోవా’. అదే సృష్టికర్త ఇప్పుడు మట్టి తీసుకుని మనిషిని చేస్తున్నాడు, ముక్కులో ఊపిరి ఊదుతున్నాడు, తోట వేస్తున్నాడు, ‘ఒంటరిగా ఉండటం మంచిది కాదు’ అంటున్నాడు. మొదటి అధ్యాయంలో ఆయన మాట సాగింది, రెండో అధ్యాయంలో ఆయన చెయ్యి మట్టిని తాకింది. ఇద్దరూ ఒక్కరే అని చెప్పడానికే రెండు పేర్లు జంటగా వస్తాయి.

మూడో అధ్యాయం మొదటి ఐదు వచనాల దగ్గర కాస్త ఆగండి. కథ చెప్పేవాడు ‘దేవుడైన యెహోవా’ అనే అంటాడు. సర్పం నోరు తెరవగానే ‘దేవుడు చెప్పెనా’ అంటుంది. స్త్రీ కూడా జవాబులో ‘దేవుడు’ అనే అంటుంది. తమను చేతులతో చేసినవాడి సొంత పేరు ఆ సంభాషణలోంచి తప్పుకుంది. ఇద్దరూ ఆయన గురించి మాట్లాడుకుంటున్నారు గానీ ఎవరూ ఆయనతో మాట్లాడటం లేదు. ఇది కావాలని చేసిన రచన అనే నేను నమ్ముతాను.

ఇలాంటిదే జలప్రళయ కథలో ఒక్క వచనంలో ఉంది, ఆదికాండము 7:16. దేవుడు ఆజ్ఞాపించిన ప్రకారం జంతువులు లోపలికి వెళ్ళాయి, అప్పుడు యెహోవా నోవహును లోపల ఉంచి తలుపు మూశాడు. ఆజ్ఞ దగ్గర ఎలోహీం, తలుపు దగ్గర యెహోవా. 19వ కీర్తన కూడా అంతే. ఆకాశాలు వివరించేది ఎల్ మహిమను, ధర్మశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి ప్రతి వాక్యంలో యెహోవా.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేర్ల మార్పును గమనించిన ప్రతిచోటా లోతైన రహస్యం వెతకొద్దు. 14వ కీర్తన, 53వ కీర్తన పక్కపక్కన పెట్టుకుని చదవండి. దాదాపు ఒకే పాట. మొదటిదాంట్లో ‘యెహోవా’ ఉన్నచోట రెండోదాంట్లో ‘దేవుడు’ ఉంటుంది. 42 నుంచి 83 వరకు ఉన్న కీర్తనల్లో ఎలోహీం వైపే మొగ్గు ఎక్కువ, అది ఆ సంకలనం అలవాటు. 1753లో ఫ్రెంచి వైద్యుడు జాన్ ఆస్ట్రూక్ ఆదికాండములో ఈ పేర్ల తేడా చూసి, మోషే వేర్వేరు పాత పత్రాలను వాడుకుని ఉంటాడని రాశాడు. ఆ తర్వాత పండితుల మధ్య మొదలైన వాదం ఇంకా నడుస్తూనే ఉంది. మీరు ఏ పక్షాన ఉన్నా, మన ముందున్న పాఠం ఆ పేర్లను ఇప్పుడున్న వరుసలోనే మనకు అందించింది. చదవాల్సింది ఆ వరుసనే.

మూడో మెట్టు: పేరు పుట్టిన చోటికి వెళ్ళండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. ఆదికాండము 16తో మొదలుపెట్టమని నా సలహా, ఎందుకంటే బైబిలు కథనంలో దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి అక్కడే ఉంది. ఆమె ప్రవక్త కాదు, రాజు కాదు, ఇశ్రాయేలీయురాలు కూడా కాదు. ఐగుప్తీయురాలైన దాసి హాగరు.

అధ్యాయాన్ని నెమ్మదిగా చదివి, ఎవరు ఆమెను ఏమని పిలుస్తున్నారో గుర్తుపెట్టుకోండి. యజమానురాలు శారయి ఆమెను దాసి అంటుంది. శారయి భర్త అబ్రాము (తర్వాత అబ్రాహాము అయినవాడు) కూడా ‘నీ దాసి’ అంటాడు. ఇద్దరి నోటా ఆమె పేరు రాదు. ఆమె గర్భం వాళ్ళకు కావాలి, ఆమెతో పని లేదు. గర్భవతి అయ్యాక శారయి శ్రమపెడితే ఆమె పారిపోయి, షూరు దారిలో ఒక నీటి బుగ్గ దగ్గర ఆగింది. షూరు దారి ఐగుప్తు వైపు పోయే దారి, అంటే ఆమె పుట్టింటి దిక్కుగా నడుస్తోంది. అక్కడ యెహోవా దూత ‘శారయి దాసివైన హాగరూ’ అన్నాడు. ఆ అధ్యాయంలో ఆమెను పేరుపెట్టి పిలిచిన మొదటి గొంతు అదే. తర్వాత రెండు ప్రశ్నలు: ఎక్కడనుండి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు? మొదటిదానికి ఆమె జవాబు చెప్పింది. రెండోదానికి ఆమె దగ్గర జవాబు లేదు.

పుట్టబోయే బిడ్డకు ఇష్మాయేలు అని పేరు పెట్టమన్నాడు. ‘దేవుడు వింటాడు’ అని దానర్థం. అప్పుడు ఆమె తనవైపు నుంచి ఆయనకు పేరు పెట్టింది: ఎల్ రోయీ, ‘చూచుచున్న దేవుడవు నీవే’. ఆ బావికి బెయేర్ లహాయిరోయి అనే పేరు నిలిచింది. దేవుడు వింటాడని ఆయన పెట్టించిన పేరు, దేవుడు చూస్తాడని ఆమె పెట్టిన పేరు, ఒకే సంభాషణలో.

ఇప్పుడు కష్టమైన వచనాన్ని దాటేయకండి. అదే దూత ఆమెను తిరిగి వెళ్ళి యజమానురాలికి అణిగి ఉండమన్నాడు. చూసే దేవుడు ఆమె కష్టాన్ని ఆ రోజే తీసేయలేదు. ఇది మనకు ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ 21వ అధ్యాయంలో ఆమె మళ్ళీ ఎడారిలో, ఈసారి అబ్రాహాము ఇంటి నుంచి పంపించెయ్యబడిన మనిషిగా, నీళ్ళు అయిపోయి బిడ్డ చావును చూడలేక దూరంగా కూర్చున్నప్పుడు, దేవుడు ఆమె కళ్ళు తెరిచాడు, ఆమె నీళ్ళ బావిని చూసింది. నోట్‌బుక్‌లో ‘తర్వాత ఏం జరిగింది’ గడిలో ఈ రెండూ రాయండి, పంపించెయ్యబడటం కూడా, బావి కూడా. అవి రెండూ రాసినప్పుడే ఎల్ రోయీ అనే పేరు నిజంగా ఎంత బరువు మోస్తుందో తెలుస్తుంది.

ఇదే పేజీ పక్కన 22వ అధ్యాయం పెట్టండి. రోయీ, యీరే రెండూ ‘చూడటం’ అనే ఒకే హెబ్రీ ధాతువులోంచి వచ్చాయి. ఇస్సాకు ‘గొఱ్ఱెపిల్ల ఏది’ అని అడిగితే అబ్రాహాము ‘దేవుడే చూచుకొనును’ అన్నాడు. తెలుగు అనువాదం ఇక్కడ అద్భుతంగా కుదిరింది. చూసుకోవడం అంటే మన భాషలో కనిపెట్టి ఉండటమూ, ఏర్పాటు చేయడమూ. ఆ అధ్యాయం పొడుగునా చూపులే: అబ్రాహాము కన్నులెత్తి దూరంగా ఆ చోటిని చూశాడు, మళ్ళీ కన్నులెత్తి పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలును చూశాడు, ఆ చోటికి యెహోవా యీరే అని పేరు పెట్టాడు. దీన్ని డబ్బు అవసరాలకు నినాదంగా వాడటం చూస్తుంటాం. దేవుడు మన అవసరాలు తీరుస్తాడన్నది నిజమే. కానీ ఈ పేరు పుట్టింది అబ్రాహాము ఏదో పొందాలని వెళ్ళిన చోట కాదు, తనకున్న ఒక్కగానొక్కణ్ణి ఇచ్చేయడానికి వెళ్ళిన చోట. బలి ఇవ్వవలసిన చోట బలిపశువును ఆయనే సమకూర్చాడు. ఈ పేరుకు మొదటి అర్థం అది.

ఇదే పద్ధతిలో మిగతావి మీరే చేయగలరు. యెహోవా నిస్సీ, అంటే ‘యెహోవా నా ధ్వజము’, రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం తర్వాత కట్టిన బలిపీఠం పేరు (నిర్గమ 17). యెహోవా షాలోమ్ ఒఫ్రాలో గిద్యోను కట్టిన బలిపీఠం పేరు (న్యాయాధిపతులు 6). మన బైబిలులో అది ‘యెహోవా సమాధానకర్త’ అని ఉంటుంది. గిద్యోను ఆ పీఠం కట్టిన రోజుకి మిద్యానీయులు ఇంకా దేశంలోనే ఉన్నారు, ఒక్క కత్తి కూడా దూయలేదు. దేవుని దూతను ముఖాముఖిగా చూశాను, ఇక చస్తాను అని హడలిపోతున్నవాడితో యెహోవా ‘భయపడకుము, నీవు చావవు’ అన్నాడు. సమాధానం ముందు వచ్చింది, యుద్ధం తర్వాత జరిగింది.

నాలుగో మెట్టు: నాలుగక్షరాల పేరు దగ్గర ఆగండి

హెబ్రీ బైబిలులో దేవుని సొంత పేరు 6,800 సార్లకు పైగా వస్తుంది. యోద్, హే, వావ్, హే అనే నాలుగు హల్లులు. దీన్ని యూదులు పైకి పలకరు. చదివేటప్పుడు అదోనాయ్ అంటారు, మామూలు మాటల్లో హషేమ్, అంటే ‘ఆ పేరు’ అంటారు. మధ్యయుగంలో మసోరెతులనే లేఖకులు పాఠానికి అచ్చుల గుర్తులు పెట్టినప్పుడు ఈ హల్లుల మీద అదోనాయ్ అచ్చులు ఉంచారు, చదివేవాడు అదోనాయ్ అనాలని గుర్తుగా. ఆ రెండూ కలిపి చదివితే వచ్చిన రూపమే యెహోవా. అసలు ఉచ్చారణ యాహ్వే అయి ఉండొచ్చని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దీని మీద సంఘాల్లో జరిగే గొడవలు చూస్తే బాధేస్తుంది. సరైన ఉచ్చారణ దొరికితేనే ప్రార్థన చేరుతుందని బైబిలు ఎక్కడా చెప్పలేదు. ‘తెలుగులో యెహోవా అంటే తప్పా’ అని టెన్షన్ పడాల్సిన పని లేదు.

పేరు పాతదనానికి సాక్ష్యాలు రాళ్ళ మీద, వెండి మీద కూడా ఉన్నాయి. 1868లో ఇప్పటి జోర్డాన్‌లోని దీబాన్‌లో దొరికిన మోయాబు రాజు మేషా శాసనం క్రీ.పూ. 9వ శతాబ్దానిది. ఇశ్రాయేలు శత్రువు రాయించిన ఆ రాతిలో ఈ నాలుగక్షరాలు ఉన్నాయి. 1979లో యెరూషలేము దగ్గర కెతెఫ్ హిన్నోమ్ సమాధుల్లో గాబ్రియేల్ బార్కాయ్ బృందానికి రెండు చిన్న వెండి రేకుల చుట్టలు దొరికాయి. సంఖ్యాకాండము 6లోని యాజక ఆశీర్వాదానికి దగ్గరగా ఉన్న మాటలు వాటి మీద గీసి ఉన్నాయి, ఆ పేరుతో సహా. ఎవరో ఆ పేరును ఒంటి మీద ధరించి, దానితోనే సమాధికి వెళ్ళారు.

ఇక అర్థం కోసం నిర్గమకాండము 3 తెరవండి. ‘నేను ఉన్నవాడను అనువాడనై యున్నాను’ అనే 14వ వచనం దగ్గరికి అందరూ నేరుగా వెళ్తారు, వెళ్ళి దేవుని నిత్యత్వం గురించి మాట్లాడతారు. దానికన్నా మూడు వచనాలు ముందు నుంచి చదవండి. మోషే ‘నేనెంతటివాడను’ అన్నాడు. దేవుడు ‘నిశ్చయముగా నేను నీకు తోడైయుందును’ అన్నాడు. ఇక్కడ ‘ఉందును’ అనే చోట హెబ్రీలో ఉన్నది ‘ఎహ్యే’. 14వ వచనంలో పేరుగా చెప్పిందీ ‘ఎహ్యే’నే. 4:12లో ‘నీ నోటికి తోడై యుండి’ అన్నచోటా అదే. మోషే నేనెవరిని అని అడిగితే దేవుడు మోషే గురించి ఏమీ చెప్పలేదు, నేను నీతో ఉంటాను అన్నాడు. తర్వాత మోషే నీ పేరేమిటి అని అడిగితే దాదాపు అదే జవాబు వచ్చింది. ఆయన ఉనికి అంటే ఎక్కడో దూరాన ఉండటం కాదు, పిలిచిన మనిషితో, కష్టంలో ఉన్న జనంతో ఉండటం. ఇటుకలు చేస్తున్న బానిసలకు చెప్పమని ఇచ్చిన పేరు ఇది.

దీన్ని సరిచూసుకోవడానికి హోషేయ 1:9కి వెళ్ళండి. తనను విడిచిన ప్రజతో దేవుడు మీరు నా జనులు కారు అన్నాక, హెబ్రీలో వచ్చే మాటలు ‘లో ఎహ్యే లాఖెమ్’, అంటే ‘నేను మీకు ఉండను’. మండే పొదలోంచి మోషేకు ఇచ్చిన పేరునే వెనక్కి తీసుకుంటున్నట్టు ఉంటుంది ఆ వాక్యం. అది చదివినప్పుడు ఆ పేరు ఎంత పెద్ద వాగ్దానమో ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ మాట మీదే ఆగిపోవద్దు, తర్వాతి వచనమూ చదవండి.

ఐదో మెట్టు: ఆయన తన పేరుకు తానే చెప్పిన అర్థం వినండి

నిర్గమకాండము 34:6-7. దేవుని స్వభావం గురించి బైబిలులో ఒక్క చోటే చదవగలిగితే ఇదే చదవమంటాను. ఇక్కడ మనిషి దేవునికి పేరు పెట్టడం లేదు. బంగారు దూడ కథ ఇంకా ఆరలేదు, మొదటి పలకలు పగిలిపోయాయి, మోషే నీ మహిమ చూపించు అని అడిగాడు. దేవుడు తన నామాన్ని ప్రకటిస్తానన్నాడు. మేఘంలో దిగి, అతని ముందు దాటి వెళ్తూ, తన పేరు చెప్పి దాని వెంట తన గుణాలు చెప్పాడు: కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములు.

ఒక్కొక్క మాట విడదీసి చూడండి. కనికరానికి వాడిన మాట తల్లి గర్భాన్ని సూచించే మాటకు బంధువు. దీర్ఘశాంతాన్ని హెబ్రీలో ‘ముక్కు పొడుగు’ అన్నట్టుగా చెబుతారు. కోపం వస్తే ముక్కులో ఊపిరి వేడెక్కుతుంది కదా, ఆయన ఊపిరి వేడెక్కడానికి చాలాసేపు పడుతుందన్నమాట. కృప అంటే హెసెద్, మాట ఇచ్చినవాడు నిలబెట్టుకునే ప్రేమ. యూదులు ఈ మాటలను పదమూడు గుణాలుగా లెక్కించి, ప్రాయశ్చిత్త దినాన మళ్ళీ మళ్ళీ చదువుతారు.

అయితే వాక్యం అక్కడ ఆగదు. వేయి తరాల వరకు కృప చూపుతూ దోషాన్ని క్షమించే ఆయనే దోషిని నిర్దోషిగా వదిలిపెట్టనని కూడా అన్నాడు. తండ్రుల దోషం మూడు నాలుగు తరాలదాకా వెళ్తుందన్నాడు. మనకు నచ్చిన సగం గోడకు తగిలించి మిగతా సగం వదిలేయడం చాలా తేలిక. వేయి తరాలకూ మూడు నాలుగు తరాలకూ ఉన్న తేడాలో ఆయన మనసు ఎటు మొగ్గుతుందో కనిపిస్తుంది, కానీ రెండూ ఆయన నామంలోనే ఉన్నాయి.

ఈ రెండు సగాలూ ఒకే ఊరి మీద ఎలా పనిచేశాయో చూడాలంటే యోనా 4:2, నహూము 1:3 పక్కపక్కన పెట్టండి. యోనా ఇవే మాటలను ఫిర్యాదుగా దేవునికి తిప్పికొట్టాడు: నువ్వు కటాక్షం, జాలి, దీర్ఘశాంతం గలవాడివని నాకు తెలుసు, అందుకే పారిపోయాను అని. అతను వెళ్ళాల్సిన అష్షూరు పట్టణం నీనెవె పశ్చాత్తాపపడింది, బతికింది. నహూము కూడా యెహోవా దీర్ఘశాంతుడే అంటాడు, అయితే దోషులను నిర్దోషులుగా ఎంచడు అని చేరుస్తాడు. క్రీ.పూ. 612లో అదే నీనెవె కూలిపోయింది. ఆయన పేరు మారలేదు, ఊరు తీసుకున్న దారి మారింది.

ఆరో మెట్టు: దొరికిన పట్టికలను పరీక్షించండి

ఇప్పుడు మొదటి పట్టికల దగ్గరికి వెళ్ళొచ్చు. వాటిలో అన్నీ ఒకే తరహావి కావని మీకే తెలిసిపోతుంది. యీరే, నిస్సీ, షాలోమ్ అనేవి చోట్లకో బలిపీఠాలకో పెట్టిన పేర్లు. యెహోవా షమ్మా యెహెజ్కేలు దర్శనంలోని పట్టణం పేరు (48:35). దేవుని మహిమ ఆలయాన్ని విడిచి వెళ్ళిపోవడం చూసిన ప్రవక్త తన గ్రంథాన్ని ‘యెహోవా యుండు స్థలము’ అనే పేరుతో ముగించాడు. ‘యెహోవా నా కాపరి’, ‘నిన్ను స్వస్థపరచు యెహోవాను నేనే’ అనేవి పేర్ల కన్నా ఆయన గురించిన వాక్యాలు. అందువల్ల వాటి విలువ తగ్గదు, కానీ వాక్యాన్ని వాక్యంగా, దాని ముందూ వెనకలతో చదవాలి. స్వస్థపరిచే యెహోవా అన్న మాట మారాలో చేదునీళ్ళు తియ్యగా మారిన తర్వాత, విని నడుచుకుంటే అనే షరతుతో వచ్చింది.

‘యెహోవా మనకు నీతి’ అనే పేరు వేరే రకం. యిర్మీయా 23:6లో అది దావీదు వంశంలో రాబోయే రాజు పేరు. అప్పటి యూదా చివరి రాజు సిద్కియా పేరుకు కూడా ‘యెహోవా నా నీతి’ అనే అర్థం. పేరు ఉండి ఆ గుణం లేని రాజు ఎదుట, పేరుకు తగ్గ రాజు వస్తాడని ప్రవక్త చెబుతున్నాడు.

ధాతువుల మీద కట్టిన ప్రసంగాల విషయంలో జాగ్రత్త. షద్దాయ్ మూలం ఏమిటో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కొండ అన్నవాళ్ళున్నారు, స్తన్యం అన్నవాళ్ళున్నారు, నాశనం చేసే శక్తి అన్నవాళ్ళూ ఉన్నారు. వాడుక మాత్రం స్పష్టంగా ఉంది. ఆదికాండములో ఈ పేరు 99 ఏళ్ళ అబ్రాముకు (17:1), తర్వాత యాకోబుకు సంతానం విస్తరిస్తుందనే వాగ్దానంతో వస్తుంది, అంటే మనిషి వల్ల కాని చోట. మొత్తం 48 సార్లలో 31 సార్లు యోబు గ్రంథంలోనే ఉంది, బాధకు కారణం తెలియని మనిషి నోటా, కారణం తెలుసనుకున్న స్నేహితుల నోటా. ధాతువు చెప్పలేనిది ఈ వాడుక చెబుతుంది.

ఏడో మెట్టు: ఆ పేరుతో మాట్లాడటం నేర్చుకోండి

పేరు పిలవడానికే. అయితే పేరు మంత్రం కాదు. ఫలానా పేరు ఇన్నిసార్లు అంటే ఫలానా పని అవుతుందనుకోవడం, ఆ నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించవద్దన్న ఆజ్ఞకు దగ్గరగా వెళ్ళడమే. బైబిలులో మనుషులు ఎలా పిలిచారో చూసి నేర్చుకోవడం మంచిది.

హన్నాను చూడండి. యెహోవా సెబాఓత్ అనే బిరుదు బైబిలులో మొదటిసారి కనిపించేది 1 సమూయేలు మొదటి అధ్యాయంలో. ప్రార్థనలో ఆ బిరుదుతో దేవుణ్ణి పిలిచినట్టు మొదట చదివేది ఏ సేనాపతి గురించో కాదు, బిడ్డల్లేక ఏడుస్తున్న ఈ స్త్రీ గురించి. సైన్యాలకు అధిపతి అయినవాడికి తన ఒక్కదాని శ్రమ కనబడుతుందని ఆమె నమ్మింది. తర్వాత దావీదు గొల్యాతు ఎదుట అదే పేరు ఎత్తాడు.

అబ్రామును చూడండి. షాలేము రాజు, యాజకుడు అయిన మెల్కీసెదెకు ఎల్ ఎల్యోన్ పేరున దీవించిన కాసేపటికే సొదొమ రాజు సొమ్ము తీసుకొమ్మన్నాడు. అబ్రాము అదే పేరు మీద ప్రమాణం చేసి, నూలు పోగైనా చెప్పుల వారైనా తీసుకోనన్నాడు. ఆకాశం, భూమి ఎవరివో తెలిసినవాడికి సొదొమ సొమ్ము అక్కర్లేకపోయింది. భర్తనూ కొడుకులనూ పోగొట్టుకున్న నయోమి, షద్దాయ్ నాకు చాలా దుఃఖం కలగజేశాడు, నన్ను మారా (చేదు) అని పిలవండి అంది. రూతు గ్రంథం ఆ మాటకు ఆమెను ఒక్క ముక్క కూడా మందలించదు. చేదుగా ఉన్నప్పుడు కూడా ఆ పేరు ఎత్తొచ్చు.

అన్నిటికన్నా గట్టి ఉదాహరణ సంఖ్యాకాండము 14. వేగులవాళ్ళ మాట విని జనం తిరగబడ్డారు, దేవుడు వాళ్ళను నిర్మూలిస్తానన్నాడు. మోషే ఆ జనం మంచివాళ్ళని వాదించలేదు. సీనాయి మీద విన్న మాటలనే తిరిగి దేవునికి అప్పజెప్పాడు: నువ్వు దీర్ఘశాంతుడివని నువ్వే చెప్పావు. ‘నీ మాటచొప్పున నేను క్షమించియున్నాను’ అని జవాబు వచ్చింది. ఆ తరంలో మాత్రం కాలేబు, యెహోషువ తప్ప ఎవరూ వాగ్దాన దేశంలో అడుగుపెట్టలేదు. క్షమాపణ, పర్యవసానం, నిర్గమ 34:7లో చెప్పిన రెండూ జరిగాయి. మీ ప్రార్థనలోనూ ఇలాగే చేయండి. మీరున్న పరిస్థితికి దగ్గరగా ఉన్న పేజీ నోట్‌బుక్‌లో తీసి, ఆ మనిషికి ఆయన ఏం చేశాడో ముందు చెప్పి, తర్వాత మీ సంగతి చెప్పండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తేలకపోతే ఈ వరుసలో వెళ్ళండి: ఆదికాండము 1-3, 14, 16, 22, నిర్గమకాండము 3, 34, న్యాయాధిపతులు 6, 1 సమూయేలు 1, తర్వాత యోనా మొత్తం. 91వ కీర్తన మొదటి రెండు వచనాల్లో మహోన్నతుడు, సర్వశక్తుడు, నా దేవుడు, యెహోవా అని నాలుగు పేర్లు వస్తాయి. అప్పటికి ఒక్కో పేరు దగ్గర మీకు ఒక మనిషి, ఒక చోటు గుర్తుకొస్తే పద్ధతి పట్టుబడిందన్నమాట. ఎస్తేరు గ్రంథం ఆఖరికి ఉంచుకోండి. హెబ్రీ మూలంలో అక్కడ దేవుని పేరు ఒక్కసారి కూడా లేదు. రాజుకి నిద్ర పట్టని రాత్రి నుంచి మొదలుపెట్టి, ఏ సంఘటనకు ఏ పేరు సరిపోతుందో అప్పుడు మీరే రాయండి.